మీట నొక్కే ఎలుకకు కలిగేది ఆనందమేనా?

ప్రశ్న: నేను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదువుతున్నాను. మెదడుకు విద్యుత్తు అందుకోవడం కోసం ఎలుకలు ఆగకుండా మీట నొక్కాయనీ, అందుకు డోపమైన్ అనే మెదడు రసాయనం ఇచ్చే ఆనందమే కారణమనీ మా తమ్ముడికి చెప్పాను. "ఎలుకకు ఆనందం కలిగిందని ఎవరు చూశారక్కా?" అని వాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. దయచేసి వివరించగలరు.
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ తమ్ముడు అడిగినది అసలైన ప్రశ్న. శాస్త్రజ్ఞులకే దానిని సూటిగా పరీక్షించడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

మీ విశ్వవిద్యాలయం ఏర్పడిన 1954లోనే కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగలు అమర్చి, మీట నొక్కినప్పుడల్లా కొద్దిపాటి విద్యుత్తు అందేలా చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. తీగ కొన్ని ప్రత్యేక భాగాలను చేరినప్పుడు, తిండి వంటి బహుమానమేదీ లేకున్నా ఎలుకలు మీటను పదే పదే నొక్కాయి. ఒక పని వల్ల లభించినది ఆ పనిని మళ్లీ మళ్లీ చేయిస్తే దానిని పునర్బలనం అంటారు. ఆ ప్రయోగం రుజువు చేసింది అంతవరకే. ఆనందం అనేది మనం చేర్చుకున్న మాట.

1978లో రాయ్ వైజ్ బృందం డోపమైన్ పనిని అడ్డుకునే పిమొజైడ్ అనే మందును ఎలుకలకు ఇచ్చినప్పుడు, మీట నొక్కితే ఆహారం దొరుకుతున్నప్పటికీ, అది దొరకడం మానేసినట్లుగా అవి క్రమంగా నొక్కడం తగ్గించాయి. ఆహారంలోని ఆనందమే పోయిందని ఆనాడు భావించడం సహజమే.

ఆ భావనను కదిలించినవారు కెంట్ బెరిడ్జ్. పసిబిడ్డ నోటికి తీపి తగిలితే నాలుకతో చప్పరించినట్లే ఎలుక కూడా చప్పరిస్తుంది, చేదు తగిలితే నోరు తెరిచి విదిలిస్తుంది. మెదడులోని డోపమైన్ దాదాపుగా నశించి, ఎదుట ఆహారం ఉన్నా తమంతట తాము తినని ఎలుకల నోటిలో తీపి ద్రావణం వేసి ఆయన బృందం గమనించింది. అవి మామూలు ఎలుకల్లాగే చప్పరించాయి! ఈ ఫలితం 1989లో వెలువడింది. అంటే వాటికి రుచి నచ్చడం పోలేదు, కావాలని దాని వెంట పడే గుణం పోయింది. నచ్చడం, కోరడం మెదడులో వేర్వేరు పనులని చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే బలమైన ఆధారం లేదు. తీపి నచ్చడాన్ని పెంచేవి ముఖ్యంగా మెదడు తానే తయారు చేసుకునే నల్లమందు వంటి పదార్థాలని తర్వాతి పరిశోధనలు చూపాయి.

నేర్చుకోవడంలోనూ డోపమైన్‌కు పాత్ర ఉంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగాలలో డోపమైన్ కణాలు మొదట పండ్లరసం అందగానే స్పందించాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, కొండ లడ్డూ నోట పడకముందే పచ్చకర్పూరపు వాసనకు మనసు లాగినట్లు, ఆ వెలుగుకే స్పందించాయి. ఆశించిన రసం రాకపోతే సరిగ్గా అది రావలసిన క్షణాన వాటి స్పందన పడిపోయింది.

ఇక మీ తమ్ముడికి సూటి జవాబు. 1991లో బెరిడ్జ్, ఎలియట్ వాలెన్‌స్టీన్ ఎలుకల మెదడులో ఆకలి వంటివాటిని నియంత్రించే హైపోథాలమస్‌లో ఒక భాగానికి విద్యుత్తు ఇచ్చి నాలుకలను పరిశీలించారు. ఆ విద్యుత్తుకు ఎలుకలు ఆబగా తిన్నాయి గాని, తీపికి చప్పరించడం ఏమాత్రం పెరగలేదు. పైగా అయిష్టాన్ని తెలిపే కదలికలే ఎక్కువగా కనిపించాయి. అంటే ఆ విద్యుత్తు పెంచింది కోరడాన్నే, నచ్చడాన్ని కాదు.