చీటీ వెనక రెండు మాటలు

రాజోలు.

అమ్మాయీ,

నీ కవరు మొన్న అందింది. నాలుగు పుస్తకాల మీద నాలుగు పరిచయాలు, పైన ఒక ఉత్తరం. “మొహమాటం లేకుండా చెప్పండి పిన్నిగారూ” అన్నావు కాబట్టి పెన్సిలు పట్టుకునే కూర్చున్నాను. మొదటిదాంట్లో ‘అద్భుతం’ ఐదుసార్లు. రెండోదాంట్లో ‘పట్టుకుంటే వదలబుద్ధి కాదు’ రెండుసార్లు. నాలుగోదాంట్లో ‘ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం’ మొదట్లో ఒకసారి, మేం మర్చిపోతామేమోనని ఆఖర్న ఇంకోసారి. అన్నీ కొట్టేసుకుంటూ పోతే మూడోదాంట్లో ఒక్క వాక్యం దగ్గర పెన్సిలు ఆగింది: “మా తమ్ముడు అన్నం తింటూ కూడా దీన్ని వదల్లేదు, 84వ పేజీలో ఆవకాయ మరక వాడిదే.” ఈ ఉత్తరం ఆ మరక గురించే అనుకో.

పుస్తకం ఇంకొకళ్ళ చేతిలో పెట్టడం ఎలాగో నాకు నేర్పినాయన కాలవగట్టు మీద అద్దె పుస్తకాల కొట్టు నడిపేవాడు. డెబ్భైల నాటి మాట. ఆయన మొహం నేను పెళ్ళయ్యేదాకా చూడలేదు. ఆడపిల్ల బజారుకెళ్ళి నవల తెచ్చుకోవడం మా ఇంట్లో కుదిరే పని కాదు, అందుకని తమ్ముణ్ణి పంపేదాన్ని. నవలకి రోజుకో పావలా, మోసుకొచ్చినందుకు వాడికి పిప్పరమెంటు బిళ్ళలు. వాడి చేతిలో ఒక చీటీ: “ఏదైనా మంచి నవల ఇవ్వగలరు.” మొదటిసారి ఆయన ఏదో ఇచ్చాడు. రెండోసారి నా చీటీనే వెనక్కి తిప్పి దాని మీద రాసి పంపాడు: “కిందటిది ఎక్కడ ఆపేశారు?”

నిజంగానే సగంలో ఆపేశాను. ఈయనకెలా తెలిసిందబ్బా అని నాకు ఒకటే ఆశ్చర్యం. తర్వాతెప్పుడో తమ్ముడు కూపీ లాగాడు. పుస్తకం మర్నాడే తిరిగొచ్చి, ఆఖరి పేజీలు కూడా నలిగి ఉంటే రాత్రి నిద్ర మానేసి చదివినట్టట. మూడోరోజు వచ్చి, సగం దాకా వదులుగా, ఆ పైన బిగుతుగా ఉంటే నచ్చలేదన్నట్టట. వారం పట్టి, పసుపు మరకలతో వస్తే ఇంట్లో అమ్మగారు కూడా చదివారన్నమాట. “ఆయ్, పుస్తకమే చెప్పేస్తుందండీ” అన్నాడట మా వాడితో, పదేళ్ళ వెధవని అండీ అని పిలిచి.

ఆ పుస్తకాల అందం కూడా కాస్త చెప్పనీ. సగం అసలు పుస్తకాలే కావు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు వారం వారం చింపి, దొంతర పెట్టి, పురికొసతో కుట్టి, ఖాకీ అట్ట వేసినవి. కథానాయిక రైలెక్కబోతుంటే పేజీ కింద తలనూనె ప్రకటన. ఎవరో చచ్చిపోతున్న చోట వెనకవైపు గుత్తివంకాయ చేసే విధానం. మధ్యలో ఒక వారం పేజీలు ఉండేవి కావు. అక్కడ ఆయన తెల్లకాయితం అంటించి పెన్నుతో రాసేవాడు: “ఈ వారం పెళ్ళి తప్పిపోయింది. మిగతా అంతా మామూలే.” డిటెక్టివ్ నవలల్లో అయితే మూడో పేజీలోనే ఏ ప్రబుద్ధుడో హంతకుడి పేరు కింద గీత గీసి పోయేవాడు. మా కొట్టాయన ఓపిగ్గా ఇంకో ముగ్గురి పేర్ల కింద కూడా గీతలు గీసి అద్దెకిచ్చేవాడు.

నాలుగేళ్ళలో నాకు ఆయన రాసిన చీటీలు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. “మొదటి నలభై పేజీలు ఓర్చుకోండి, తర్వాత మీరే తిరిగి పంపరు.” “ఇది రాత్రిపూట వద్దు.” “ఇది మీ అమ్మగారికి. మీకు కాదు.” “ఏడుపు ఉంది, పరీక్షలయ్యాక చదవండి.” ఏ చీటీలోనూ రచయిత శైలి, శిల్పం గురించి ఒక్క ముక్క లేదు. అద్భుతం అన్నది అసలే లేదు. ఎవరి కోసం రాస్తున్నాడో ఆ మనిషి కళ్ళముందు ఉండేది, నన్ను చూడకపోయినా సరే. నీ పరిచయాల్లో నాకు కనిపించంది ఆ మనిషే.

ఇప్పుడు నీ నాలుగూ ఒక్కొక్కటీ చూద్దాం.

హ్యారీ పోటర్ మీద నువ్వు రాసింది చదివితే ఇంతవరకూ పుస్తకం పట్టని పదమూడేళ్ళ పిల్లవాడు పారిపోతాడు. ‘ఏడు భాగాల మహా కావ్యం’ అన్నావు. ఏడు భాగాలా! వాడికి హోంవర్కే పూర్తి కావట్లేదు. 1997లో మొదటిది వచ్చినప్పుడు అది సన్నటి పుస్తకం. కథ ఆ ఒక్కదానితో ఆపేసినా లోటు తెలియదు. తర్వాత్తర్వాత లావెక్కుతూ పోయి ఐదోది అన్నిట్లోకీ దిట్టంగా తయారైంది. అప్పటికి చదివేవాడికీ అలవాటైపోతుంది. ఈ సంగతి చెబితే చాలు, సగం టెన్షన్ పోతుంది. ఇంకోటి, ఇంగ్లీషులో చదవమంటున్నావా, తెలుగులోనా? మా వైపు సర్కారు బళ్ళో తొమ్మిది చదివే పిల్లకి ఆ తేడా పెద్దది. మొదటి భాగం ఇంగ్లీషు ఏ తరగతి పిల్లలకి అందుతుందో ఒక్క మాటలో నువ్వే చెప్పాలి, చదివినదానివి కాబట్టి.

‘వెన్నెల్లో ఆడపిల్ల’ గురించి రాశావు, మా రాజోల్లో పుట్టిన యండమూరి నవల కాబట్టి నేను కాస్త పక్షపాతంగానే చదివాను. చదరంగం ఆటగాడు, ఫోన్లో ఒక అమ్మాయి గొంతు, ఆ గొంతు ఎవరిదో కనుక్కోమని పందెం. ఇంతవరకూ చెప్పి ఆగావు, భేష్. కానీ ఇప్పటి పిల్లలకి ఒక చిక్కుంది. ఫోన్ మోగితే నంబరు, పేరు, ఫొటో కూడా కనిపించే కాలం వీళ్ళది. గొంతు తప్ప ఏమీ తెలియని మనిషి అవతలుండటం వీళ్ళ ఊహకి అందదు. అది ల్యాండ్‌లైన్ రోజుల కథ అని ముందే ఒక ముక్క చెప్పు, లేకపోతే “నంబరు చూసుకోవచ్చుగా” అని పదో పేజీలో మూసేస్తారు.

నాలుగోది బుడుగు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ బుడుగుని మించి నవ్వించేవి మన భాషలో ఎన్నున్నాయి చెప్పు. అయినా ‘చిన్నపిల్లలకి బహుమతిగా ఇవ్వండి’ అన్నావు చూడు, అక్కడ నేను ఒప్పుకోను. అట్ట మీద పిల్లాడుంటే పిల్లల పుస్తకమే అనుకుంటాం. పిల్లాడి గురించి రాయడం వేరు, పిల్లాడి కోసం రాయడం వేరు. బుడుగు మాటలకి ఎనిమిదేళ్ళవాడు నవ్వడు, వాడికవి మామూలు మాటలే. పెద్దవాళ్ళ మీద వేసిన చురకలు కాబట్టి పెద్దవాళ్ళే నవ్వుతారు. పదహారు దాటినవాళ్ళకి ఇవ్వు. లేదా ఇంట్లో ఒకళ్ళు బిగ్గరగా చదివితే మిగతావాళ్ళు వినేటట్టయితే ఇవ్వు. అప్పుడు చిన్నాడు కూడా నవ్వుతాడు, పెద్దవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియక.

ఆవకాయ మరక పుస్తకానికి వస్తాను. పెర్సీ జాక్సన్. ‘గ్రీకు పురాణాల నేపథ్యంలో సాగే సాహస గాథ’ అని మొదలుపెట్టావు. ఆ వాక్యం చదివి ఎవరికి ఏం ఆశ పుడుతుంది? అది రాసిన రిక్ రయోర్డన్ తన కొడుక్కి రాత్రిళ్ళు చెప్పిన కథల్లోంచి పుట్టిందది. ఆ పిల్లాడికి డిస్‌లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్నాయని తేలింది. అక్షరాలు నిలకడగా కనిపించవు, ఒకచోట కుదురుగా కూర్చోలేడు. తండ్రి ఏం చేశాడు? కథలో పిల్లాడికీ అవే పెట్టాడు. నీ కళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు తేలిపోతున్నాయా, అవి పాత గ్రీకు చదవడానికి తయారైన కళ్ళురా అన్నాడు. కుదురుండలేకపోతున్నావా, యుద్ధంలో నిన్ను కాపాడేది అదేరా అన్నాడు. 2005లో మొదటి పుస్తకం వచ్చింది. మన కోనసీమలో ఏ బడికెళ్ళినా ‘మొద్దు’ అని పేరుపడ్డ పిల్లాడు వెనక బెంచీలో ఉంటాడు. ఆ పిల్లాడి తల్లికి ఈ సంగతి చెప్పు. దేవతలూ రాక్షసులూ మన పిల్లలకి కొత్త కాదు, అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చినవాళ్ళే అందరూ. వాళ్ళ కోసం నువ్వు గ్రీకు పురాణాలు వివరించనక్కర్లేదు.

మీ తమ్ముడికి చదువంటే పడదని ఉత్తరంలో రాశావు. పరిచయంలో ఎందుకు రాయలేదు? అసలు విషయం అదే కదా.

ఒక పుస్తకం నా తరఫున కలుపుకో. విదేశాల వీసా కోసం తిరుగుతున్న పిల్లలు మీ వీధిలో కనీసం ముగ్గురుంటారు. వాళ్ళకి బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం ఇవ్వు. గోదారి అవతలి వైపు మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడు. మొక్కపాటి నరసింహశాస్త్రి దాన్ని రాసి ఇంచుమించు నూరేళ్ళయింది, సూట్‌కేసులు మారాయి తప్ప కంగారు అదే. మొత్తం మూడు భాగాలు. నన్నడిగితే మొదటిది చాలు. దీన్ని మాత్రం ‘హాస్య నవల’ అని పరిచయం చెయ్యకు. హాస్యం అని ముందే చెబితే మనవాళ్ళు “ఏదీ నవ్వించు చూద్దాం” అన్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంటారు.

కథ ఎంతవరకూ చెప్పాలని అడిగావు. నా తప్పు ఒకటి చెబుతాను. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు ఎక్కాను. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మధ్యలో రెయిలింగుకి ఆనుకుని ఒక పిల్ల, పద్నాలుగేళ్ళుంటాయేమో, నాకు బాగా తెలిసిన సస్పెన్స్ నవల చదువుతోంది. నాకు నోరాగితేనా! “ఆ లాయరు బాబాయిని ఒక కంట కనిపెట్టమ్మా” అన్నాను, ఏదో సాయం చేస్తున్నట్టు. ఆ పిల్ల నావంక చూసింది. పేజీ చూసుకుంది. “ఇంకా నూటపది పేజీలున్నాయండీ” అంది. పుస్తకం మూసి, గట్టు వచ్చేదాకా గోదారి చూస్తూ నిలబడింది. దిగేటప్పుడు సారీ చెప్పాను, ఏం లాభం. అప్పట్నుంచి నాకొక లెక్క. పుస్తకంలో పదో వంతు దాటి జరిగిన సంగతి నా నోట రాదు. నువ్వు రాసిన రెండో పరిచయం తప్ప మిగతా మూడూ ఆ గీత దాటాయి.

చిన్న చిన్నవి కొన్ని. ఎన్ని పేజీలో, ఎక్కడ దొరుకుతుందో రాయి. పాతదైతే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలాంటి చోట వెతకమను. పాత సీరియల్ నవలల్లో హీరో చెంప పగలగొడితే హీరోయిన్‌కి ప్రేమ పుట్టే సీన్లుంటాయి, మేం అవి చదివే పెరిగాం. పదిహేనేళ్ళ పిల్లకి అలాంటి నవల ఇచ్చేటప్పుడు ఆ మాట దాచకు. నవల దాచెయ్యమనడం లేదు, ఆ సీను దగ్గర నీకు ఒళ్ళు మండిందని రాయమంటున్నాను.

ఇక నీ అసలు బెంగ. “ఇవన్నీ కాలక్షేపం పుస్తకాలే కదా, వీటి మీద రాస్తే నన్ను రచయిత్రిగా లెక్కేస్తారా?” అన్నావు. ఒకసారి ఒక సాహిత్య సభకి నన్ను పిలిచారు. అప్పటికి నావి పదకొండు సీరియళ్ళు వచ్చాయి. వేదిక మీద పరిచయం చేస్తూ ఆ పెద్దమనిషి “ఈవిడ కూడా రాస్తారు” అన్నాడు. ఆ ‘కూడా’ ఇప్పటికీ చెవిలో గింగిర్లు కొడుతూనే ఉంటుంది. సభయ్యాక భోజనాలకి వాళ్ళింటికే తీసుకెళ్ళారు. పప్పు వడ్డించబోయిన ఆయన భార్య గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయి “ఆ పిల్ల వచ్చేవారం ఇంట్లోంచి వెళ్ళిపోతుందాండీ?” అని మెల్లిగా అడిగింది. ఆయన విస్తట్లో అన్నం పప్పు కోసం ఎదురుచూస్తోంది. కాలక్షేపం అన్న మాటకి నువ్వెందుకు చిన్నబోతావు? మన ఊళ్ళల్లో హరికథని కూడా కాలక్షేపమనే అంటారు, కాళ్ళు కడుక్కుని మరీ వెళ్ళి కూర్చుంటారు.

సరే, ఒక పని పెడుతున్నాను. మా పక్కింటి పిల్ల పది పాసయింది. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేస్తున్నారు. ట్రంకు పెట్టెలో బట్టలు, జంతికలు, ఆవకాయ సీసా, సున్నుండలు పోగా ఒక పుస్తకం పట్టే చోటుంది, ఒక్కటే. పిల్లకి ఇల్లు వదలడమంటే బెంగ, పైకి మాత్రం కిలకిలలాడుతూ తిరుగుతోంది. క్రికెట్ పిచ్చి. ఇంగ్లీషు ఫరవాలేదు. దయ్యాల కథలంటే పడవు. రాత్రి పదికి లైట్లు ఆర్పేస్తారట. ఏ పుస్తకం పెట్టమంటావు? పరిచయం వద్దు, చీటీ మీద రెండు మాటలు రాసి పంపు, పుస్తకంలో పెట్టి ఇస్తాను. వాళ్ళు సోమవారం పొద్దున్నే బస్సెక్కుతున్నారు, అంతకుముందే అందేలా చూడు.

ఆశీస్సులతో,
మీ పిన్ని