పాత పికప్ బండి రిపేర్లు ఇంటి దగ్గరే చేసుకుంటే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. నాకు 2013 మోడల్ బొలెరో పికప్ ఉంది, దాని మీద అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఊళ్ల నుంచి టమోటా బాక్సులు మార్కెట్ యార్డుకు బాడుగకు తోలుతాను. బండి నేనే నడుపుతాను, ఏడాదికి 30,000 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. పోయిన ఏడాది టైర్లు, ఇన్సూరెన్స్ కాకుండా రిపేర్లకే 94,000 రూపాయలు అయింది. షెడ్డులో ఇచ్చే కూలి మిగులుతుందని, 65,000 పెట్టి పనిముట్లు కొనుక్కుని పనులన్నీ ఇంటి దగ్గరే చేసుకోవాలనుకుంటున్నాను. దానికి పాప చదువు కోసం వేసిన లక్షన్నర ఫిక్సెడ్ డిపాజిట్ తీయాలి. ఈ బండిని 2,60,000కు అడుగుతున్నారు. అమ్మేసి, పైన 8 లక్షలు అప్పు చేసి కొత్తది కొందామని నా భార్య అంటోంది. ఏది మేలు? పనిముట్ల ఖర్చుకు పన్నులో తగ్గింపు ఉంటుందా?

సమాధానం: మీరు బిల్లులన్నీ దాచి, ఉత్తరంతో పాటు పంపినందుకు ముందుగా ధన్యవాదాలు. అవి లేకుంటే నేను ఊహ మీద చెప్పాల్సి వచ్చేది. వాటిని విడదీసి కూడితే, 94,000లో విడిభాగాలకు 61,500, కూలికి 22,500, ఆగిపోయిన బండిని రెండుసార్లు లాగించుకు రావడానికి 10,000 అయినట్టు తేలింది. మీరు మిగుల్చుకోవాలనుకుంటున్నది ఈ 22,500లోనే ఉంది. అందులోనూ క్లచ్ ప్లేటు మార్చడం, ఇంజను పైభాగమైన హెడ్డు దించి ఎక్కించడం వంటి పెద్ద పనుల కూలిని పక్కన పెడితే, ఆయిలు మార్పు, ఫిల్టర్లు, గ్రీజు, బెల్టు, బల్బులు, బ్యాటరీ వంటి చిన్న పనులకు మీరు ఇచ్చింది దాదాపు 6,000 మాత్రమే. ఏడాదికి 6,000 మిగలడం కోసం 65,000 పెట్టడమంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. అప్పటికి ఈ బండి మీ దగ్గర ఉండదు.

అయినా ఇంటి దగ్గర పని చేసుకోవాలన్న మీ ఆలోచన తప్పని నేను అనడం లేదు. దాని లాభం కూలిలో కాక మరొకచోట ఉంది. మీ బిల్లుల్లో ఒకటి, మే నెలలో రేడియేటర్ హోసు పైపు పగిలి ఇంజను వేడెక్కి, హెడ్డు కింద ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయినప్పటిది. సామానుకు 14,000, కూలికి 9,000, లాగించినందుకు 5,500 కలిపి 28,500 అయింది. హెడ్డు లేత్ షాపు నుంచి వచ్చేదాకా బండి 9 రోజులు నిలిచిపోయింది. ఇంకొకటి, ముందు చక్రం బేరింగులో గ్రీజు ఎండిపోయి అది పట్టేసినప్పటిది. అక్కడ 9,500 ఖర్చు, 3 రోజులు నష్టం. ఈ రెండూ టమోటా సీజనులోనే జరిగాయి. సీజనులో డీజిలు పోను రోజుకు 1,800, మిగతా కాలంలో 700 మిగులుతుందని మీరే రాశారు. ఏడాది మొత్తంలో బండి ఆగిన 23 రోజుల్లో సీజను రోజులు 12 కాబట్టి వాటికి 21,600, మిగిలిన 11 రోజులకు 7,700, మొత్తం 29,300 రూపాయల రాబడి పోయింది. ఏ బిల్లులోనూ కనిపించని ఈ మొత్తం, మీరు ఏడాది పొడుగునా ఇచ్చిన కూలి కంటే ఎక్కువ.

అంటే మీ బండికి నిజంగా అయిన ఖర్చు 94,000 కాదు, 1,23,300. అందులో ఆ రెండు సంఘటనల వాటా, పోయిన రాబడితో సహా, 59,600. దాదాపు సగం. ఆ రెండింటికీ కారణం కొన్ని వందల రూపాయల రబ్బరు పైపు, ఒక డబ్బా గ్రీజు. వారానికి ఒక గంట బండి దగ్గర కూర్చుని చూసే మనిషికి ఆ రెండూ ముందే కంటపడేవి. మీరు స్పానరు పట్టవలసింది మెకానిక్ కూలి మిగుల్చుకోవడానికి కాదు, బండి దారిలో ఆగకుండా చూసుకోవడానికి. ఈ తేడా గ్రహిస్తే ఏ పనిముట్లు కొనాలో, ఏ పని మీరు చేయాలో, ఏది చేయకూడదో తేలికగా తేలిపోతుంది.

వారానికి ఒకసారి, తెల్లవారుజామున ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి రేడియేటర్ పైపులను చేత్తో నొక్కి చూడండి. మెత్తబడి ఉబ్బినా, వేళ్ల కింద పగుళ్లు తగిలినా, క్లిప్పు దగ్గర తెల్లటి చార కనిపించినా ఆ పైపు వెంటనే మార్చాలి. ఇంకో వారం తిరుగుతుందిలే అనుకున్న పైపే ఎండాకాలంలో లోడుతో ఎక్కుడు రోడ్డు మీద పగులుతుంది. రేడియేటరులో బోరు నీళ్లు పోయడం మన వైపు చాలా మందికి అలవాటు. ఆ నీళ్లలోని లవణాలు లోపల పేరుకుని, సన్నటి గొట్టాలు పూడిపోయి, ఇంజను క్రమంగా వేడెక్కడం మొదలవుతుంది. అందుకే డిస్టిల్డ్ వాటరుతో కలిపిన కూలెంటే పోయాలి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పకండి. ఒత్తిడితో చిమ్మే ఆ నీళ్లు ముఖం మీద పడితే మనిషి జీవితాంతం బాధపడాల్సి వస్తుంది. ఆయిలు గేజి, బ్రేక్ ఆయిలు మట్టం, ఫ్యాను బెల్టు బిగువు, టైర్ల గాలి, బరువు మోసే స్ప్రింగులైన కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ ఉందేమో అన్నవి కూడా అదే గంటలో అయిపోతాయి. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలో 12.6 వోల్టుల దరిదాపుల్లో, ఇంజను తిరుగుతున్నప్పుడు 14 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తే డైనమో సరిగ్గా ఛార్జి ఇస్తున్నట్టే. దీన్ని చూడటానికి చిన్న మల్టీమీటరు చాలు.

ఆయిలు, ఆయిలు ఫిల్టరు, డీజిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు మార్చడం, గ్రీజు నిపుల్స్ అన్నిటికీ గ్రీజు కొట్టడం మీరే చేసుకోవచ్చు. కంపెనీ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకే, ఆ పుస్తకం చెప్పిన గ్రేడు ఆయిలే వాడండి. విడిభాగాలను బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి, ఎందుకంటే నకిలీ ఫిల్టరు మిగిల్చే వంద రూపాయలు ఇంజనులో అరుగుదలగా మారతాయి.

ఇక బ్రేకులు, స్టీరింగు, డీజిలు పంపు, ఇంజెక్టర్లు, క్లచ్చు, గేరు బాక్సు మాత్రం మీరు ముట్టుకోకండి. పంపు, ఇంజెక్టర్ల పనికి టెస్ట్ బెంచి ఉన్న పంపు షాపే కావాలి. బ్రేకులు, స్టీరింగు విషయంలో నాది డబ్బు లెక్క కాదు. టన్నుకు పైగా లోడుతో సంత రోజున ఊరి మధ్యలో వెళ్లే బండి అది. దాని బ్రేకులను రోజూ అదే పని చేసే చెయ్యే బిగించాలని నా గట్టి అభిప్రాయం. ఆ పనికి మీరిచ్చే కూలిని ఖర్చు కింద చూడకండి.

పనిముట్లకు 65,000 అక్కర్లేదు. మంచి రింగు స్పానర్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి, గ్రీజు గన్ను, గాలి గేజి, మల్టీమీటరు, హైడ్రాలిక్ జాకీ, దానితో పాటు బరువు మోసే రెండు స్టాండ్లు చాలు. అన్నీ కలిపి 15,000కు మించకుండా చూసుకోండి. కంప్రెసరు, బండిలో లోపాలు చూపే స్కానరు మీ జాబితాలోంచి కొట్టేయండి, నెలకు ఒక్కసారి కూడా వాడని వస్తువులవి. ఒకవేళ ఈ 15,000లో కూడా తగ్గించాలనిపిస్తే స్పానర్లలో తగ్గించండి గానీ స్టాండ్లలో మాత్రం వద్దు. ఒక్క జాకీని నమ్ముకుని, లేదా ఇటుకలు పేర్చి బండి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. ఇదే సందర్భంలో మరో మాట. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఉంది. మీ బ్యాంకులో ఇంకా చేరకపోతే ఈ వారమే చేరండి.

కొత్త బండి సంగతికి వద్దాం. మీ ఇంటావిడ మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, ఎందుకంటే ఆమె భయం మీరు రాత్రివేళ దారిలో నిలిచిపోవడం గురించి. 8 లక్షలు 11 శాతం వడ్డీకి 5 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెల కంతు 17,394 రూపాయలు అవుతుంది. గడువు తీరేసరికి కట్టే మొత్తం 10,43,640. దీనికి తోడు, పాత బండి అమ్మిన 2,60,000 కూడా కొత్త బండిలోకే పోతుంది. 5 ఏళ్ల తర్వాత ఆ బండి 5 లక్షలకు అమ్ముడుపోతుందనుకున్నా, 1,50,000 కిలోమీటర్ల మీద అది కిలోమీటరుకు 5 రూపాయల 36 పైసలు. సర్వీసింగు, ఫుల్ ఇన్సూరెన్సు దీనికి అదనం. మీ పాత బండి పోయిన ఏడాది, రాబడి నష్టంతో కలిపి, కిలోమీటరుకు 4 రూపాయల 11 పైసలు తిన్నది. 5 ఏళ్లలో దాని ధర 2,60,000 నుంచి లక్షకు పడిపోతుందనుకుని ఆ తరుగుదలను కూడా కలిపితే 5 రూపాయల 18 పైసలు అవుతుంది. రెండింటి మధ్య తేడా మీరు అనుకున్నంత పెద్దది కాదని ఒప్పుకోవాలి. కానీ నేను చెప్పిన వారపు గంట వల్ల ఆ 59,600లో సగం తప్పినా పాత బండి ఖర్చు కిలోమీటరుకు దాదాపు ఒక రూపాయి దిగుతుంది. అంతకంటే ముఖ్యమైనది, కంతు సీజను చూసుకుని రాదు. 2023 జూలైలో కిలో టమోటా వంద రూపాయలు దాటిన రోజులూ చూశాం, ధర పడిపోయి రైతు పంట కోయకుండా వదిలేసిన రోజులూ చూశాం. కోత లేకపోతే బాడుగ లేదు, కానీ 17,394 మాత్రం నెలనెలా కట్టాల్సిందే. అందుచేత ఈ ఏడాది కొత్త బండి వద్దు.

అయితే పాత బండిని ఎప్పటికీ ఉంచుకోమని కూడా నేను చెప్పడం లేదు. ఆయిలు తాగడం పెరిగి పొగ వస్తూ, ఇంజను బోరు పని, అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ చెక్కడం, చేయాలని మెకానిక్ చెప్పినా, ఛాసిస్‌కు తుప్పు పట్టి పగులు కనిపించినా ఆ పని మొదలుపెట్టకముందే నాకు రాయండి. రిపేర్లు, ఆగిన రోజుల నష్టం కలిపి కిలోమీటరుకు 6 రూపాయలు దాటితే అప్పుడు మీ ఇంటావిడ మాటే సరైనది.

రిపేర్లకు డబ్బు ఎక్కడి నుంచి అన్నది అసలు చిక్కు. బండి చెడిన రోజున చేబదులు వెతుక్కోవడం మానేసి, ప్రతి ఆదివారం మీటరు చూసి, ఆ వారం తిరిగిన కిలోమీటరుకు 3 రూపాయల 50 పైసల చొప్పున వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. 30,000 కిలోమీటర్లకు అది 1,05,000 అవుతుంది. సీజనులో బండి ఎక్కువ తిరుగుతుంది కనుక ఎక్కువ జమ పడుతుంది, పని లేనప్పుడు మీ మీద భారం ఉండదు. రిపేర్లతో పాటు టైర్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా అందులోంచే కట్టాలి. 7,500 కిలోల లోపు సరుకు వాహనాలకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం 16,049 రూపాయలు, పన్ను అదనం. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి. అది లేని బండిని మోటారు వాహనాల చట్టం సరైన రిజిస్ట్రేషన్ ఉన్నట్టుగానే లెక్కించదు. అలాంటప్పుడు ప్రమాదం జరిగితే పరిహారం భారం మీ మీద పడే అవకాశం ఉంది. ఇతర ఖర్చుల కోసం దీన్ని వాయిదా వేయకండి.

పన్ను గురించి అడిగారు. పదికి మించకుండా సరుకు వాహనాలున్న వారికి, 1961 నాటి చట్టంలో 44ఏఈ సెక్షనుగా అందరికీ తెలిసిన పద్ధతిలో, మీలాంటి చిన్న బండికి నెలకు 7,500, అంటే ఏడాదికి 90,000 ఆదాయంగా లెక్కిస్తారు. రిపేర్లు, తరుగుదల అన్నీ అందులోనే కలిసిపోయినట్టు భావిస్తారు కాబట్టి, పనిముట్ల ఖర్చుకు విడిగా తగ్గింపు రాదు. అయినా ఏటా రిటర్ను వేయండి, రేపు అప్పు కోసం వెళ్లినప్పుడు బ్యాంకు అడిగేది అదే.

పాప చదువు డిపాజిట్ మాత్రం తీయకండి. గడువుకు ముందు తీస్తే వడ్డీలో కోత పడుతుంది, పైగా ఆ డబ్బు ఒకసారి బండిలోకి పోతే మళ్లీ డిపాజిట్లోకి రావడం కష్టం. ముందుగా జాకీ, స్టాండ్లు, గ్రీజు గన్ను, సాకెట్ సెట్టు కొనండి. మిగతావి రెండు మూడు నెలల్లో బాడుగ డబ్బులోంచి కొనుక్కోవచ్చు. పాత రేడియేటర్ పైపులు ఇంకా ఏవైనా ఉంటే ఏప్రిల్ సీజను మొదలవకముందే మార్పించి, మార్చిన రోజున మీటరు ఎంత చూపిస్తోందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.