ఆర్‌సీసీబీ టెస్టర్ ఒక్కోసారి ఒక్కో టైమ్ చూపిస్తోంది, కాలిబ్రేషన్ (కొలతల ఖచ్చితత్వం) పోయినట్టేనా?

మీటర్ పాడైందని అప్పుడే అనుకోకండి. ఆర్‌సీసీబీ అంటే కరెంటు భూమిలోకి లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్, లీకేజీ మొదలయ్యాక అది ఎంతసేపట్లో పడిపోతుందో (ట్రిప్ అవుతుందో) కొలిచేదే ఈ మీటర్. ఒకే 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ మీద ఒకసారి 22, ఇంకోసారి 31 మిల్లీసెకన్లు వచ్చిందన్నారు కదా, మీటర్‌లో 0, 180 డిగ్రీల సెట్టింగ్ ఉందేమో చూడండి. ఏసీ వేవ్ ఏ సగంలో ఉండగా కరెంటు మొదలైందన్న దాన్ని బట్టి ఆ మాత్రం తేడా మామూలే. ఫ్రిజ్, కంప్యూటర్, యూపీఎస్ ప్లగ్గులు పీకేసి కూడా ఒకసారి చూడండి, వాటి లీకేజీ మీ టెస్ట్ కరెంటుకి తోడవుతుంది.

బాలానగర్‌లో ఒక కాలిబ్రేషన్ ల్యాబ్‌లో ఆరేళ్లు ఈ మీటర్లతోనే కుస్తీ పట్టాను. చేరిన కొత్తలో ఒక మీటర్‌ని నేరుగా బెంచి సాకెట్‌కి పెట్టి బటన్ నొక్కితే ల్యాబ్ ఆర్‌సీసీబీనే పడిపోయి అందరి పనీ ఆగింది (తర్వాత ల్యాబ్ సప్లై నుంచి మీటర్‌ని విడిగా ఉంచే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నన్ను ముట్టుకోనివ్వలేదు).

అసలు ఇంట్లో బ్రేకర్ పెట్టి మీటర్‌ని చెక్ చేయడమే తప్పు. 30 మిల్లీఆంప్‌లు అని రాసున్న బ్రేకర్ 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు, స్టాండర్డే అలా ఉంది. మీది 21 దగ్గర పడే రకమైతే మీటర్ 25 పంపినా పడుతుంది, 37 పంపినా పడుతుంది. ఇక మీకేం తెలుస్తుంది?

37 అని ఊరికే అనలేదు. ఒక కాంట్రాక్టర్ తెచ్చిన మీటర్ టైమ్‌లో భేషుగ్గా ఉంది, మేం 100 మిల్లీసెకన్లు పెడితే 101 చూపించింది. కరెంటు కొలిస్తే మాత్రం 30 సెట్టింగ్‌లో 37 పోతోంది, అంటే 35 దాకా కదలని చెడిపోయిన బ్రేకర్‌ని కూడా అది పాస్ చేసేస్తుంది! పాత సర్టిఫికెట్ తీయిస్తే అందులో టైమ్ తప్ప కరెంటు కాలమే లేదు. ఆ మీటర్‌తో ఒక హాస్టల్ మొత్తం ఓకే చేసొచ్చాడట, పాపం మళ్లీ అన్ని ఫ్లోర్లూ తిరిగాడు.

అందుకే ల్యాబ్‌కి పంపేటప్పుడు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉందా అని అడిగి ఊరుకోకండి, వాళ్ల స్కోప్‌లో, అంటే ఆ గుర్తింపు వర్తించే కొలతల జాబితాలో, ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ లాంటి బ్రేకర్ల) కరెంటు, టైమ్ రెండూ ఉన్నాయా అని అడగండి. మంచి మీటర్ 30 సెట్టింగ్‌లో 30 నుంచి 33 మధ్య పంపాలి, సగం కరెంటు సెట్టింగ్‌లో 15 దాటకూడదు. సరిచేయకముందు వచ్చిన రీడింగులు కూడా సర్టిఫికెట్‌లో రాయమనండి, పాత పనుల్లో ఏవి మళ్లీ చూడాలో వాటితోనే తేలుతుంది.

మీది సాకెట్‌లో గుచ్చే చవక రకం అయితే ఇదంతా దండగ. వాటిల్లో చాలావరకు లోపల ఉండేది రెసిస్టరే, 230 వోల్టులకి 30 మిల్లీఆంప్‌లు పంపేది సాయంత్రం వోల్టేజీ 200కి పడితే 26 మాత్రమే పంపుతుంది.