ఏడాదిగా హాల్లో పడుకుంటున్నాను, ఈ సమస్యకు వైద్యం ఉందా?

ప్రశ్న: నా వయసు 47. పెళ్లై 20 ఏళ్లయింది. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది, సిగరెట్ అలవాటూ ఉంది. ఏడాదిన్నరగా అంగస్తంభన సరిగా జరగడం లేదు. స్నేహితుడు ఇచ్చిన మాత్ర రెండుసార్లు పనిచేసింది, మూడోసారి రాత్రి బిర్యానీ తిన్నాక వేసుకుంటే పనిచేయలేదు. లాడ్జిలో ఒకాయన 'నరాల బలహీనత' అని చెప్పి ఇచ్చిన లేహ్యానికి 16 వేలు పోశాను. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. సిగ్గుతో హాల్లో పడుకుంటుంటే, మీకు ఇంకెవరో ఉన్నారని నా భార్య ఏడుస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన మాట మెట్లెక్కితే వస్తున్న ఆయాసం. దాన్ని మీరు చివర్లో, మరో సంగతిలా రాశారు గానీ, అది మీ అసలు సమస్యకు దూరమైనది కాకపోవచ్చు. అంగానికి రక్తం తీసుకువెళ్లే ధమనులు గుండె ధమనుల కంటే చాలా సన్నవి కావడం వల్ల, షుగరు, పొగ కలిసి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తున్నప్పుడు ఆ నష్టం ముందుగా అక్కడే బయటపడుతుంది. గుండెజబ్బు లక్షణాలు ఆ తర్వాత కొన్నేళ్లకు కనిపించడం వైద్యులకు తెలిసిన విషయమే. అందువల్ల మరో మాత్ర వేసుకునే ముందు, ఈ వారంలోనే, గుండె వైద్యుణ్ణి కలవండి. మూడు నెలల సగటు షుగరు, కొలెస్టరాల్, బీపీ చూపించుకోండి. టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను పరీక్షకు ఉదయం పూటే రక్తం ఇవ్వాలి. బీపీకి మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకువెళ్లండి. కొన్ని బీపీ మందులు స్తంభనను తగ్గిస్తాయి, అయితే వాటిని మార్చవలసింది వైద్యుడే తప్ప మీరు ఆపేయకూడదు.

ఇక మాత్రల సంగతి. మీ స్నేహితుడు ఇచ్చింది బహుశా సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా పేరుతో తెలిసిన స్తంభన మాత్ర, అయి ఉంటుంది. సిల్డెనాఫిల్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని మొదట పరీక్షించింది గుండెనొప్పి కోసం. ఇది కోరికను పుట్టించే మందు కాదు, కోరిక కలిగినప్పుడు రక్తప్రవాహానికి సాయపడే మందు. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే ఆలస్యంగా, బలహీనంగా పనిచేస్తుంది కనుక, మూడోసారి మీరు విఫలమయ్యారని అనుకోకండి, బహుశా బిర్యానీ అడ్డుపడి ఉంటుంది. టడలాఫిల్ అనే మరో మందుకు భోజనంతో ఈ ఇబ్బంది లేదు, దాని ప్రభావం 36 గంటల వరకు ఉండవచ్చు. కానీ ఒక్క హెచ్చరిక గుర్తుంచుకోండి: ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడేవారు ఈ మాత్రలను ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. రేపు మీ ఆయాసానికి వైద్యుడు అలాంటి మందు రాస్తే, స్నేహితుడి మాత్ర మీ జేబులో ఉండడమే ప్రమాదం. స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

లేహ్యానికి పోయిన డబ్బు గురించి బాధపడవద్దు, మిగిలిన డబ్బా మాత్రం పారేయండి. ఇటువంటి వాటిలో పేరు చెప్పకుండా ఇవే మాత్రల పొడి కలిపిన సందర్భాలు అనేక దేశాల్లో బయటపడ్డాయి, మీకున్న అనుమానిత గుండె సమస్యలో అది ఎంత హాని చేస్తుందో ఊహించండి.

మీ భార్యకు నిజం చెప్పడం ఈ రాత్రి జరగవలసిన పని. ఆమె మీ మౌనాన్ని తన మీద విముఖతగా చదువుకుంది. 'నాకు నీ మీద ప్రేమ తగ్గలేదు, ఒంట్లో బాగాలేదు, చెప్పడానికి సిగ్గుపడ్డాను' అన్న మూడు మాటలు చాలు, వివరాలు తర్వాత వస్తాయి. హాల్లోంచి గదిలోకి వెళ్లి పడుకోండి. వైద్యుడు అనుమతించేవరకు సంభోగం ప్రయత్నించకుండా, దగ్గరగా ఉండడం, స్పర్శ, మాటలతో గడపండి. ఈసారైనా జరుగుతుందా అనే భయమే స్తంభనను మరింత అణచివేస్తుంది. సిగరెట్ మానడం కూడా ఆమె ఎదుటే మొదలుపెట్టండి.

మాత్రలు సరిపడకపోతే యూరాలజిస్టు (మూత్ర, పురుషాంగ సమస్యల వైద్యుడు) దగ్గర ఇంకా మార్గాలున్నాయి: గాలి తీసి రక్తాన్ని లోపలికి లాగే పంపు, అంగంలోకి స్వయంగా చేసుకోగల సన్నని సూది మందు, ఏదీ పనిచేయనప్పుడు అంగం లోపల కృత్రిమ పరికరాన్ని అమర్చే ఇంప్లాంట్ శస్త్రచికిత్స. ఇంప్లాంట్ అమర్చాక సహజమైన స్తంభన తిరిగి రాదు, కాబట్టి ఆ ప్రస్తావన వచ్చిన రోజున మీ భార్య కూడా వైద్యుడి ఎదుట మీ పక్కన కూర్చుని ఉండాలి.