బుజ్జీ, నైట్ డ్యూటీ వాళ్ళ ఫోటోలు తీసేముందు ఇది చదువు

బుజ్జమ్మా,

నీ మెసేజ్ రాత్రే చూశా, వెంటనే రిప్లై ఇద్దామనుకున్నా కానీ నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదిది, అందుకే పొద్దున్నే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఊరంతా పడుకున్నాక మెలకువగా ఉండే సెక్యూరిటీ గార్డులని వరసగా ఫోటోలు తీస్తానన్నావు కదా, నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. మీ పెద్దమ్మ ఏళ్ళ తరబడి చేసిన పని అదేనే. అందులో తప్పులూ చేశా, అవి మళ్ళీ నీ చేతుల మీదుగా జరక్కూడదనే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు ఒక తప్పు చెప్తా. మొదట్లో ఒకాయన ఉండేవాడు, అరవై దాటిన మనిషి, పెద్ద ఆఫీసు బిల్డింగ్ వెనక గేటు దగ్గర డ్యూటీ. పన్నెండు గంటల షిఫ్టు, కాళ్ళు వాచిపోయి బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, అట్టముక్క మీద పాదాలు ఆనించి కూర్చున్నాడు, పైనున్న లైటు సరిగ్గా ఆ పాదాల మీదే పడుతోంది. అడిగితే నవ్వి తీసుకోమ్మా అన్నాడు. తీశా. మంచి ఫోటో అది, అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయి నెట్లో పెట్టేశా. నెల తిరక్కుండా వాళ్ళ సూపర్‌వైజర్ కంట్లో పడింది. డ్యూటీలో బూట్లు విప్పడం రూల్స్‌కి విరుద్ధమట, జీతంలో కోత పెట్టి, ఆయన్ని ఇంటికి చాలా దూరంగా ఉన్న ఇంకో సైటుకి మార్చేశారు. ఫోటో పీకేశా, వెళ్ళి క్షమాపణ అడిగా, ఆయన పర్లేదమ్మా అన్నాడు కానీ డ్యూటీ మాత్రం పాత చోటుకి రాలేదు. తీసుకోమ్మా అన్నప్పుడు ఆయన ఆలోచించింది తన మొహం ఎలా పడుతుందా అని మాత్రమే, బూట్ల గురించి ఆలోచించాల్సింది నేను కదా.

అందుకే చెప్తున్నా, గార్డు సరే అన్నంత మాత్రాన నీ పని అయిపోయినట్టు కాదు. షట్టర్ నొక్కేముందు ఫ్రేమంతా ఒకసారి వాళ్ళ సూపర్‌వైజర్ కళ్ళతో చూడు. టోపీ తీసేసి ఉందా, చేతిలో ఫోనుందా, కుర్చీ గేటు దగ్గర కాకుండా ఎక్కడో గోడ వారకి ఉందా. ఆ తర్వాత ఇంకోసారి దొంగ కళ్ళతో చూడు, ఇది చాలామందికి తట్టదు. తాళాలు వేలాడే బోర్డు, సీసీటీవీ స్క్రీన్, గోడలో విరిగిన చోటు, టేబుల్ మీద తెరిచి ఉన్న విజిటర్ రిజిస్టర్, అందులో ఎవరెవరివో ఫోన్ నంబర్లు. ఇవేవీ నీ ఫోటోలో ఉండకూడదు. కెమెరాలో, ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేసెయ్. బయటపెట్టే ముందు ఫైల్లో దాగి ఉండే టైం వివరాలు కూడా చెరిపెయ్, ఏ గేటు దగ్గర ఎన్నింటికి ఒక్క మనిషే ఉంటాడో ప్రపంచానికి చెప్పాల్సిన అవసరం మనకి లేదు.

నిద్రపోతున్న గార్డుని మాత్రం తియ్యకు, ఎంత అందంగా ఉన్నా తియ్యకు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య మనిషి ఒంట్లో వేడి తగ్గి నిద్ర ముంచుకొస్తుంది, ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా శరీరం దాని పని అది చేస్తుంది. ఆ టైంలో తల వాల్చిన మనిషిని ఫోటో తీసి కింద కవిత్వం రాసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక దగ్గరికి ఎలా వెళ్ళాలో. నిశ్శబ్దంగా ఉండే ఊళ్ళో నువ్వు గార్డుని చూడకముందే నీ అడుగుల చప్పుడు ఆయనకి వినపడుతుంది, ఎవరా వచ్చేది అని అప్పటికే లేచి నిలబడి ఉంటాడు. వెనకనుంచి వెళ్ళకు, చీకట్లో ఆగి ఆగి నడవకు, లైటు ఉన్న దారిలో తిన్నగా, చేతులు కనపడేలా నడిచి వెళ్ళు, కెమెరా మెడలోనే వేలాడనీ. ఎదురుగా రోడ్డవతల నిలబడి పెద్ద జూమ్ లెన్స్ ఎత్తావంటే ఆయన దృష్టిలో నువ్వు రెక్కీ చేస్తున్న మనిషివే, అలా అనుకోవడం ఆయన ఉద్యోగం కూడా. 35 ఎంఎం లెన్స్ ఒక్కటి పెట్టుకో చాలు, దాంతో తియ్యాలంటే మాట్లాడేంత దగ్గరికి వెళ్ళక తప్పదు. మీరు అని మాట్లాడు, చిన్నవాడైనా సరే.

మొదటి రాత్రి అసలు ఫోటో తియ్యకు. రెండో రాత్రి కూడా తియ్యకపోతే ఇంకా మంచిది. డ్యూటీ ఎక్కిన మొదటి గంట వాళ్ళకి ఊపిరాడదు, ఛార్జ్ తీసుకోవడం, రిజిస్టర్ రాయడం, తాళాలన్నీ చూసుకోవడం. దిగేముందు గంటలో మనసంతా ఇంటి మీదే ఉంటుంది. మధ్యలో, మనుషుల రాకపోకలు ఆగాక, మాట్లాడే మనిషి దొరికితే బావుండు అనిపించే టైం ఒకటి వస్తుంది, అప్పుడు వెళ్ళు. రౌండ్ టైం అయిందని లేస్తే అడ్డం పడకు, చాలా సైట్లలో రౌండ్‌లో ఒక్కో పాయింట్ దగ్గర వచ్చినట్టు పంచ్ చెయ్యాలి, నీ కబుర్ల వల్ల ఆలస్యమైతే సంజాయిషీ ఆయనే ఇచ్చుకోవాలి. ఇంకోటి, గేటు బయట రోడ్డు మీద నుంచి తియ్యడం వేరు, గేటు లోపల అడుగు పెట్టడం వేరు. లోపలికి రండి అని ఆయన అన్నా కూడా ఆ జాగా ఆయనది కాదు, యజమాని దగ్గరో మేనేజ్‌మెంట్ దగ్గరో ఒక ముక్క కాగితం మీద రాయించుకుని వెళ్ళు.

ఫ్లాష్ గురించి నువ్వడిగావు. వద్దమ్మా. నీ ఫోటో పాడవుతుందని కాదు, ఆయన చూపు పాడవుతుందని. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క ఫ్లాష్ కొట్టావంటే అదంతా పోయి మళ్ళీ మొదటికొస్తుంది, ఆ కాసేపు ఎదురుగా చీకటి మూలలో ఏముందో ఆయనకి కనపడదు. ఫోకస్ కోసం కెమెరా దానంతటదే వేసే చిన్న లైటు ఉంటుంది చూడు, అది కూడా ఆఫ్ చెయ్. సెట్టింగ్స్ చూసుకోవడానికి ఎర్ర లైటు టార్చ్ వాడు, చీకట్లో చూసే చూపుని ఎర్ర వెలుతురు పెద్దగా చెడగొట్టదు. 

ఉన్న లైటుతోనే ఎఫ్ 2 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో), ఐఎస్ఓ 3200 (కెమెరా వెలుతురుని ఎంత పట్టుకోవాలో), షట్టర్ 1/50 సెకను దగ్గర మొదలుపెట్టు, అక్కణ్ణుంచి అటూ ఇటూ జరుపుకో. 1/50 ఎందుకంటే కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట ట్యూబ్‌లైట్లు, చాలా ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలీదు కానీ ఫోటోలో చారలు పడతాయి, 1/50 గానీ 1/100 గానీ పెడితే తప్పించుకోవచ్చు. 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో అయితే 1/60 లేదా 1/120. చప్పుడు రాకూడదని సైలెంట్ మోడ్ పెడతావేమో, దాన్లో ఎలక్ట్రానిక్ షట్టర్ పనిచేస్తుంది, ఈ చారల గొడవ దానితోనే ఎక్కువ. అయినా ఆ క్లిక్ ఆయనకి వినపడాలే, ఎప్పుడు తీశావో ఆయనకి తెలియాలి కదా.

కెమెరాని దాని ఇష్టానికి వదిలేస్తే రాత్రిని పగలు చేసేస్తుంది, అందుకని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించి తియ్, నలుపు నలుపులా ఉండనీ. చీకట్లో కెమెరా స్క్రీన్ మీద ప్రతి ఫోటో వెలిగిపోతూ కనపడుతుంది, పొద్దున్న ఇంట్లో చూస్తే అంతా మసి, దాన్ని నమ్మకు, హిస్టోగ్రామ్ చూడు, ఫోటోలో నలుపెంత తెలుపెంత ఉందో చూపించే గ్రాఫ్ అది. పాత సోడియం లైట్ల కింద ఒంటి రంగు నువ్వెంత దిద్దినా తిరిగి రాదు, ఆ పసుపు వెలుతుర్లో వేరే రంగులు దాదాపు ఉండవు మరి, అలాంటివి బ్లాక్ అండ్ వైట్ చేసుకో. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైంది కేబిన్‌లో మానిటర్ వెలుగు మొహం మీద పడే సీను, ఒక పక్క నీలం, ఇంకో పక్క వీధి లైటు పసుపు, మధ్యలో నిద్ర ఆపుకుంటున్న కళ్ళు. స్క్రీన్ ఫ్రేమ్‌లోకి రాకుండా పక్కనుంచి తియ్.

లూయిస్ హైన్ అని ఒకాయన ఉండేవాడు, అమెరికాలో 1908 నుంచి ఫ్యాక్టరీల్లో, గాజు కార్ఖానాల్లో రాత్రి పూట పనిచేసే పిల్లల్ని ఫోటో తీశాడు. పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదనే చట్టాల కోసం పోరాడినవాళ్ళు ఆ ఫోటోలనే సాక్ష్యంగా చూపించారు. ఆయన ఫోటో ఒక్కటే తియ్యలేదు, పేరేంటి, వయసెంత, ఏం పని, ఎన్ని గంటలు అని అడిగి రాసుకునేవాడు. నువ్వూ ఒక చిన్న పుస్తకం పెట్టుకో. ఏళ్ళు గడిచాక మొహాలు గుర్తుంటాయి గానీ వాళ్ళు చెప్పిన మాటలు ఉండవు, నేను రాసుకోక పోగొట్టుకున్నవి ఎన్నో. వాళ్ళు పేరు చెప్పొద్దంటే బయట ఎక్కడా చెప్పకు, యూనిఫాం మీద పేరు పట్టీ, కంపెనీ గుర్తు కూడా కనపడనివ్వకు.

నీ సంగతి కూడా చూసుకో తల్లీ. ఒంటరిగా తిరగొద్దు, తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళు, వాళ్ళు కాస్త దూరంగా ఆగినా పర్లేదు. ఏ వీధిలో ఉంటావో, ఎన్నింటికి తిరిగొస్తావో నాకు మెసేజ్ పెట్టు, నేనెలాగూ మెలకువగానే ఉంటా. ఏ గార్డయినా ఇక్కడ వద్దమ్మా వెళ్ళిపో అంటే వాదించకుండా వచ్చెయ్, ఆ వీధి గురించి నీకన్నా ఆయనకి బాగా తెలుసు.

చివరిగా ప్రింట్లు. ఇస్తానన్నావంటే ఇవ్వాలి, ఫోన్‌లో పంపి చేతులు దులుపుకోవద్దు. ఇవ్వడానికి వస్తున్నా అని పగలు పదకొండింటికి ఫోన్ చెయ్యకు, వాళ్ళకి అది నడిరాత్రి, అప్పుడే కన్ను మూసుకుని ఉంటారు. రాత్రి డ్యూటీలో కాస్త తీరిక దొరికే టైంకే వెళ్ళి, కవర్లో పెట్టి ఇవ్వు, ఎవరికి చూపించాలో ఆయనే చూసుకుంటాడు. ఒకటి కాదు రెండు ప్రింట్లు చేయించు, ఒకటి ఇంట్లోవాళ్ళు ఉంచేసుకుంటారు. వెనకాల తేదీ వెయ్, టైం మాత్రం రాయకు.

మీ పెద్దమ్మ