తాతయ్య గురించి రాద్దామంటే పెన్ను ఆగిపోతోంది

ప్రశ్న: మా తాతయ్య 96 ఏళ్లు బతికారు, పోయి కొన్ని నెలలవుతోంది. నన్ను ఎత్తుకుని పెంచింది ఆయనే. ఇప్పుడు కళ్లు మూసుకుంటే మంచం మీద ఉన్న ఆఖరి రోజులే కనిపిస్తున్నాయి, ఆ ఆక్సిజన్ గొట్టం, నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అనడం, అవే. ఇంట్లో అందరం దాచుకునేలా ఆయన గురించి ఏదైనా రాద్దామని కూర్చుంటే పుట్టిన తేదీ, ఉద్యోగం, పిల్లల పేర్లు అయ్యాక ఇంక ఏం రావట్లేదు. నిండు జీవితం గడిపారు కదా ఎందుకంత బాధ అంటున్నారు చుట్టాలు. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక మనవరాలు

జవాబు: ముందు ఆ నిండు జీవితం మాట సంగతి చూద్దాం. అనేవాళ్లు ఓదార్పుగానే అంటారు, కాదనను, కానీ 96 ఏళ్లు బతికారు కదా అని ఆయన లేని లోటు చిన్నదైపోదమ్మా. మీరు పుట్టిన దగ్గర్నుంచి ఆయన లేని రోజు మీకు తెలీదు, మరి బాధ ఎక్కువే ఉంటుంది. ఏడుపొస్తే ఏడవండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఆఖరి రోజులే కళ్లముందుకి రావడం మీ ఒక్కరికే కాదు. డేనియల్ కానమన్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు 1990ల్లో చూసిందేంటంటే, ఒక అనుభవం ఎంతసేపు సాగిందన్నది మన జ్ఞాపకం పెద్దగా లెక్కపెట్టదు, బాగా తీవ్రంగా అనిపించిన క్షణాన్నీ ముగింపునీ పట్టుకుంటుంది. వాళ్లు పరీక్షించింది కాసేపట్లో అయిపోయే నొప్పుల్లాంటివి, మనిషి మొత్తం జీవితాన్ని కాదు, అయినా మీ ఉత్తరం చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. అన్నేళ్ల మనిషిని ఆ కొన్ని వారాలు కప్పేశాయి. ఆ వారాల్ని తోసేయాలని చూడకండి, తోస్తే పోవు, వాటి ముందున్నవాటిని ఒక్కోటీ తెచ్చి పక్కన పెడుతూ పోతే వాటి జోరు అదే తగ్గుతుంది.

ఇక పెన్ను ఎందుకాగిందో చెప్తా. మీకు ప్రేమ తక్కువై కాదు, సరుకు తక్కువై. మీరు పుట్టేసరికే ఆయనకి అరవై దాటుంటాయి, అంటే మీరు చూసింది పెద్దాయన్నే. పాతికేళ్ల కుర్రాడిగా ఆయన మీకు అస్సలు తెలీదు, నలభై ఏళ్లప్పుడు అప్పులు తీరుస్తూ రాత్రిళ్లు నిద్రపోని మనిషి ఉండుంటే ఆయనా తెలీదు. ఆ మనుషులు తెలిసినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆయన తోబుట్టువులు ఎవరైనా ఉంటే ముందు వాళ్లు, తర్వాత పాత స్నేహితులు, కలిసి పనిచేసినవాళ్లు. ఆయన పెద్ద కొడుకునీ ఆఖరి కూతుర్నీ విడివిడిగా అడగండి, ఎందుకంటే పెద్దాయన చూసిన నాన్న వేరు, చిన్నావిడ చూసిన నాన్న వేరు, అప్పటికి ఆయన వయసు మారింది, చేతిలో డబ్బు మారింది, ఓపిక కూడా మారుంటుంది.

ఇది వాయిదా వేసే పని కాదు. యాన్ అస్మన్ అనే జర్మన్ పండితుడు నోటిమాటగా నడిచే జ్ఞాపకానికి 80 నుంచి 100 ఏళ్లే ఆయుష్షన్నాడు, అంటే మూడు నాలుగు తరాలు, ఆ తర్వాత ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే జారిపోతుంది. మీ తాతయ్య ఆయన తాతయ్య దగ్గర విన్నవి ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో ఆలోచించండి. బహుశా ఎనభై దాటిన ఒకరిద్దరి దగ్గర. నాకైతే ఇది తల్చుకుంటేనే కంగారుగా ఉంటుంది.

అడిగేటప్పుడు "ఆయన ఎలాంటివారు" అని అడక్కండి, "చాలా మంచివారమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. మొదటి జీతం ఏం చేశారు, ఎవరికి భయపడేవారు, కోపమొస్తే అరిచేవారా మాట్లాడ్డం మానేసేవారా, ఇంట్లోకి వస్తున్నారని చప్పుడు బట్టి ఎలా తెలిసేది, ఇలాంటివి అడగండి. ఆయన కళ్లజోడో చేతికర్రో పాత ఫోటోనో వాళ్ల చేతిలో పెట్టి అడిగితే ఇంకా బాగా చెప్తారు. వయసైనవాళ్లకి తమ పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవి మిగతా వాటికంటే ఎక్కువ గుర్తుంటాయని సైకాలజిస్టులు చాలాసార్లు గమనించారు, కాబట్టి ఆయన ఈడు వాళ్లని ఆ రోజుల గురించే అడగండి, నిన్నామొన్నటివి తర్వాత అడగొచ్చు.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఆఖరి సంవత్సరాల్లో చెప్పిందే చెప్పేవారా ఆయన? దాదాపు ప్రతి ఇంట్లోనూ మళ్లీ మొదలెట్టారా తాతయ్యా అంటాం. రాబర్ట్ బట్లర్ అనే డాక్టరు 1963లోనే రాశాడు, పెద్దవాళ్లు గతంలోకి పదేపదే వెళ్లడాన్ని మతి చెడిపోవడంగా చూడొద్దని, బతికిందంతా ఒకసారి సర్ది చూసుకోవడం ఆ వయసులో సహజమేనని. అలా చూస్తే ఆయన వందసార్లు చెప్పిన ఆ రెండు మూడు కథలూ తన జీవితంలోంచి తనే ఏరి మీకిచ్చినవి. మీ రాత అక్కడే మొదలుపెట్టండి, పుట్టిన తేదీతో కాదు. ఆయన చెప్పిన మాటల్లోనే, ఆయన ఆగే చోటే ఆగుతూ, నవ్వే చోట నవ్వారని రాస్తూ. తేదీలు చివర్లో ఒక పేజీలో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా తాతగారు ఉద్యోగం వదిలేసిన కథ నాన్న ఒకలా, బాబాయ్ ఇంకోలా చెప్తారు, ఇద్దరూ నేను పక్కనే ఉన్నా అంటారు. ఆయన కోపం గురించి రాయొద్దని అత్తయ్య పట్టు. ఏం చెయ్యాలి?

జవాబు: రెండు కథలూ రాయండి, ఎవరు చెప్పింది వాళ్ల పేరు మీదే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడుతున్నారని కాదు. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే సైకాలజిస్టు 1932లోనే చూపించాడు, మనం ఒక కథని గుర్తు చేసుకున్న ప్రతిసారీ దాన్ని కొంత మళ్లీ కట్టుకుంటాం, మనకి అర్థమయ్యేలా సర్దుకుంటాం అని. మీ నాన్నగారి కథలో తాతగారి పౌరుషం ఎక్కువ కనిపిస్తే, బాబాయ్ కథలో ఇంటి ఇబ్బంది ఎక్కువ కనిపిస్తే, రెండూ కలిపి చదివినవాళ్లకి ఆయన ఇంకా బాగా తెలుస్తారు. రాజీనామా కాగితం లాంటిదేదైనా దొరికితే సరే, లేకపోతే తీర్పు చెప్పకండి.

కోపం గురించి మాత్రం నా అభిప్రాయం గట్టిది, రాయాలి. అత్తయ్యగారికి బాధ కలిగించేలా కాదు, ఆవిడని కూర్చోబెట్టి అడిగి, ఆ కోపం చల్లారాక ఆయన ఏం చేసేవారో కూడా ఆవిడ నోటే చెప్పించుకుని. అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే సైకాలజిస్టులు పిల్లల్ని ఇంటి చరిత్ర మీద 20 ప్రశ్నలు అడిగారు, ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువ కనిపించింది. దానివల్లే ఇది వచ్చిందని ఖాయంగా అనలేం, కానీ పైకెళ్లడం, కింద పడడం రెండూ ఉన్న ఇంటి కథలే పిల్లలకి బలం ఇస్తాయని డ్యూక్ చెప్తూ వచ్చాడు. ఏ తప్పూ లేని తాతయ్యని రేపు మీ పిల్లలు ఫోటోలో దణ్ణం పెట్టుకుంటారేమో గానీ దగ్గరివాడు అనుకోలేరు.

ప్రశ్న: తాతయ్య గొంతు ఒక పాత క్యాసెట్‌లో ఉంది, వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు కూడా ఉన్నాయి. పోకుండా ఎలా దాచాలి?

జవాబు: క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, ముందు అవి విరిచెయ్యండి, అప్పుడు పొరపాటున కూడా దాని మీద రికార్డ్ అవ్వదు. ఎప్పట్నుంచో మూలన పడున్న ప్లేయర్‌లో పెట్టి చూడొద్దు, టేప్ నలిపేస్తే అంతే. టేపులు డిజిటల్‌లోకి మార్చడం తెలిసినవాళ్లకి ఇచ్చి క్వాలిటీ తగ్గని వేవ్ (WAV) ఫైల్‌గా అడగండి, ఎంపీత్రీ తర్వాత మీరే చేసుకోవచ్చు.

వాయిస్ మెసేజులు ఈరోజే ఫోన్‌లోంచి బయటికి తీయండి, ఆయన ఫోన్ ఎవరికైనా ఇచ్చేముందో రీసెట్ చేసేముందో కాదు, ఇప్పుడే. మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో. ఫైల్ పేరులో తేదీ, ఎవరికి పంపారు, దేని గురించి అన్నది తెలుగులోనే రాసుకోండి. ఫోటోలు వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పాత ప్రింట్ల వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయొద్దు, మెత్తటి పెన్సిల్ చాలు. ఫోటోలో వెనక వరసలో నించున్నవాళ్ల పేర్లు చెప్పగలిగేది ఇంట్లో ఎవరో చూసి ఈ ఆదివారమే ఆల్బమ్ పట్టుకుని వాళ్ల దగ్గర కూర్చోండి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి, పేర్లతో పాటు ఇంకా చాలా వస్తాయి.