ముందు పెద్దోడిని ఒళ్లోకి తీసుకో

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మహారాష్ట్రలో సిరొంచ దగ్గర అంకీస. బాబుకు రెండేళ్ల మూడు నెలలు, పాప పుట్టి 48 రోజులైంది. మా ఆయన లారీ మీద పోతారు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తారు. అత్తమ్మ పొద్దున్నే మిర్చి ఏరడానికి కూలికి పోతుంది. సాయంత్రం దాకా ఇంట్లో నేనూ ఇద్దరు పిల్లలే. పాప రాకముందు బాబు ఎంత బుద్ధిగా ఉండేవాడో! ఇప్పుడు పాపను గిల్లుతాడు, తొట్టెలను గట్టిగా ఊపుతాడు, ఎప్పుడో మానేసిన పాలు మళ్లీ కావాలని ఏడుస్తాడు, లాగులో పోసుకుంటున్నాడు. మొన్న వాడిని కొట్టాను. వాడికంటే నేనే ఎక్కువ ఏడ్చాను. దిష్టి అని అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది, అయినా అంతే. ఇంకో బాధ ఉంది. పెళ్లయినప్పటి నుంచి సోమవారం శివుడికి దీపం పెట్టకుండా ఉన్నది లేదు. ఇప్పుడు రెండు నెలలు కావస్తోంది, దేవుడి గూటి ముందు నిలబడలేదు. మొదట పురుడు, తర్వాత తీరిక లేదు, స్నానమే మధ్యాహ్నం మూడింటికి. దేవుడు నాకు దూరమయ్యాడేమో, అందుకే ఇల్లు ఇట్లా అయిందేమో అనిపిస్తుంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, అంకీస

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు చివర్లో రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతా బాధంతా దాని కిందే ఉన్నట్టు నాకనిపించింది. దేవుడు నీకు దూరం కాలేదు. రాత్రి రెండింటికి లేచి పాపకు పాలిస్తూ, ఇంకో చేత్తో బాబు వీపు నిమురుతూ కూర్చుంటావు చూడు, ఆ టైంలో “శివా” అని ఒక్కసారి అనుకున్నా అది పూజే. ఇది నీకు ఓదార్పు కోసం చెప్పడం లేదు, నేను నమ్మి బతికిన మాట. దీపం అత్తమ్మ పనికి పోయే ముందు పెడుతుంది, లేదా మీ ఆయన ఇంటికొచ్చినప్పుడు ఆయన పెడతారు. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ దీపం నీది కూడా. సోమవారం మూడింటికి స్నానం చేస్తే మూడింటికే ఒక అగరుబత్తి వెలిగించి, పాపను భుజాన వేసుకుని, బాబు చేత రెండు చేతులూ జోడింపజెయ్యి. అర నిమిషం చాలు.

ఇక బాబు సంగతి. మీ ఊరి నుంచి వంతెన దాటితే కాళేశ్వరం, వంతెన లేని రోజుల్లో మా అమ్మ వాళ్లు గోదావరి మీద పడవలో పోయేవాళ్లు. అక్కడి శివుడి గుళ్లో ఒకే పానవట్టం (లింగం కింది పీఠం) మీద రెండు లింగాలు ఉంటాయి, నువ్వూ చూసే ఉంటావు. ముందు పూజ కాళేశ్వరుడికి, ఆ తర్వాతే ముక్తేశ్వరుడికి. కాళేశ్వరుడంటే యముడు కదా, పసిపిల్లల మాటల్లో ఆయన పేరెందుకు అనుకోకు, నాకు అక్కడ కనిపించేది వరస. జనం వచ్చేది ముక్తేశ్వరుడి కోసమే, కానీ పక్కనున్నాయన్ని ముందు పలకరించి, ఆయనకు చెయ్యాల్సింది చేసి, అప్పుడే ముక్తేశ్వరుడి దగ్గరికి పోతారు. నాకు రెండోవాడు పుట్టినప్పుడు మా అమ్మ ఇదే చెప్పింది. “ఒక్క పానవట్టమే కదా బిడ్డా నీ ఒడి, ముందు పెద్దోడికి చెయ్యి” అంది.

నాకు ఇద్దరి మధ్య 19 నెలలే తేడా. చిన్నోడికి నెల దాటిన ఒక రాత్రి పెద్దోడు వాడి మొహం మీద దిండు పెట్టాడు. నేను చూసి లాగేశాను, పిల్లాడికేమీ కాలేదు, కానీ భయంతో పెద్దోడిని గట్టిగా రెండు దెబ్బలు కొట్టాను. వాడు వెక్కుతూ వెక్కుతూ నా కొంగు చివర పిడికిట్లో పట్టుకుని నిద్రపోయాడు. ఆ పిడికిలి విప్పడానికి నాకు మనసు రాలేదు, తెల్లారేదాకా అట్లాగే కూర్చున్నాను. కొట్టినందుకు నన్ను వదిలి ఎటో పోలేదు వాడు, కొట్టిన చెయ్యి ఉన్న చోటికే వచ్చాడు. ఆ రోజు నుంచి వాడిని కొట్టలేదు.

రెండేళ్ల పిల్లాడికి అసూయ అనే పేరు తెలియదు. నిన్నటి దాకా తనదైన ఒడిలో ఇంకెవరో పడుకున్నారు, అంతే తెలుసు. పాలు మళ్లీ అడగడం, లాగులో పోసుకోవడం, మాట తగ్గి ఏడుపు పెరగడం, ఇవన్నీ ఇంట్లో కొత్త బిడ్డ వచ్చినప్పుడు ఈ వయసు పిల్లలు చేసేవే. అమ్మ పసిదాన్ని చూస్తోంది కాబట్టి నేనూ పసివాడినైతే నన్నూ చూస్తుందని వాడి లెక్క. కొన్ని వారాల్లో తగ్గుతుంది, సిగ్గు పెట్టకు, పక్కింటి వాళ్ల ముందు చెప్పకు. పాలు అడిగితే ఒకటి రెండుసార్లు నోరు పెట్టనిచ్చినా తప్పు లేదు, చాలామంది పిల్లలు రుచి చూసి వాళ్లే వదిలేస్తారు. కాకపోతే ముందు పాప కడుపు నిండాలి.

పాపకు పాలిచ్చేటప్పుడే వాడు ఎక్కువ గోల చేస్తాడు కదా. కూర్చునే ముందే ఒక డబ్బాలో గుప్పెడు మరమరాలు పోసి వాడి చేతికిచ్చి, నీ తొడకు ఆనించి కూర్చోబెట్టుకో. “చెల్లి మొహం వద్దు, కాళ్లు ముట్టుకో” అని చెప్పి ఆ బుజ్జి కాళ్లు వాడి చేతిలో పెట్టు. గిల్లితే చెయ్యి పట్టుకుని “నొప్పి” అని ఒక్క మాట, గట్టిగా, అరవకుండా చెప్పు. పాత బట్ట తెమ్మను, తెస్తే అబ్బ నా కొడుకే అని ముద్దు పెట్టుకో. పాప పడుకున్నాక పొయ్యి దగ్గరికి పరిగెత్తకు, పది నిమిషాలు వాడికి ఇవ్వు, అన్నం కాస్త ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు. చుట్టాలొచ్చి నేరుగా తొట్టెల దగ్గరికి పోతుంటే నువ్వే అడ్డుపడి “ముందు మా పెద్దోడిని పలకరించండి” అను. మొహమాటపడకు, మీ ఆయనక్కూడా ఫోన్లో ఇదే చెప్పు, వచ్చీరాగానే ఆయన ముందు వాడినే ఎత్తుకోవాలి. పాపకు ఇప్పుడేమీ తెలియదు, వాడికి అన్నీ తెలుస్తాయి. ఒక్కటి మాత్రం, ఎంత బుద్ధిగా ఉన్నా ఇద్దరినీ ఒక్క గదిలో వదిలి బావి దగ్గరికి పోవద్దు. పోతే వాడిని వెంట తీసుకుపో.

దిష్టి తీసినందుకు అత్తమ్మను ఏమీ అనకు, అది ఆమె ప్రేమ. అయితే ఆమెకు ఒక మాట చెప్పు, వారంలో ఒక్కరోజు కూలి మానుకుని ఇంట్లో ఉండగలదేమో అడుగు. మిర్చి సీజన్‌లో ఆ కూలి ఎంత అవసరమో నాకు తెలుసు, అయినా అడుగు.

ఇక నీ గురించి. కాన్పు తర్వాత కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో తగ్గాలి. నీకు ఏడు వారాలు కావస్తోంది. పాప పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఏదీ తినాలనిపించకపోవడం, నేను లేకపోతే బాగుండనే ఆలోచన, వీటిలో ఏదున్నా ఆశా వర్కర్‌కు చెప్పి డాక్టర్‌ను కలువు. నడిచి పోలేని రోజు 14416కు ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, ఫ్రీ, రాత్రి కూడా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మందు తీసుకుంటే భక్తి తక్కువైనట్టు కాదమ్మా. ఆశా వర్కర్ ఇంటికి రావడం 42వ రోజుతో అయిపోయిందని ఊరుకోకు, పాపకు ఆరో వారం ఇంజెక్షన్లు పడ్డాయో లేదో కార్డు చూసుకో, తర్వాతవి పదో వారం, పద్నాలుగో వారం. అంగన్‌వాడీ నుంచి పాలిచ్చే తల్లికి పాపకు ఆరు నెలలు వచ్చేదాకా ఆహారం ఇస్తారు, అది తెచ్చుకుని నువ్వే తిను. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే అర్హత ఉన్నవాళ్లకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 6,000 రూపాయలు వస్తాయి, ఆ కాగితాలు కూడా అక్కడే అడుగు.

ప్రశ్న: మనవరాలికి మూడు నెలలు. మా కాలంలో వస కొమ్ము అరగదీసి నాకించేవాళ్లం, మాటలు తొందరగా వస్తాయని. కోడలు వద్దంటోంది. దేవుడి దగ్గర పెట్టి నాలుక మీద కాస్త రాస్తే తప్పా?
– ఒక నానమ్మ, అసరల్లి

జవాబు: అమ్మా, ఈసారి కోడలి మాటే వినండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప వస, తేనె, ఉగ్గు, చివరికి నీళ్లు కూడా వద్దని డాక్టర్లు చెప్తారు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. మాటలు రావడానికి మీరు చేయగలిగిన పని ఒకటుంది, ఒళ్లో వేసుకుని మొహంలోకి చూస్తూ మాట్లాడండి. బయట మరాఠీ ఎట్లాగూ వస్తుంది, ఇంట్లో మీ తెలుగు మీరు పాడే జోలపాటలతోనే రావాలి. వస కొమ్మును దేవుడి గూట్లో అట్లాగే ఉంచండి.

ప్రశ్న: అక్కా, బిడ్డ బతకాలని కాళేశ్వరంలో మొక్కుకున్నాం. నెల తక్కువలో పుట్టాడు, బాగున్నాడు. ఇప్పుడు రెండున్నర నెలలు. పుట్టువెంట్రుకలు వెంటనే తీయించకపోతే మొక్కు తప్పినట్టా? మా పెద్ద పాపకు మూడేళ్లు.
– ఒక తండ్రి, సిరొంచ

జవాబు: తమ్ముడూ, బిడ్డనిచ్చిన దేవుడు వాడు నిలదొక్కుకునేదాకా ఆగుతాడు. నెల తక్కువ పిల్లాడిని ఇంత చిన్న వయసులో గుళ్లో జనం మధ్యకు తీసుకుపోవద్దు, డాక్టర్ సరేనన్నాకే బయలుదేరండి. ఇప్పటికి నువ్వొక్కడివే ఒక సోమవారం పోయి, కొబ్బరికాయ కొట్టి, మొక్కు గుర్తుంది స్వామీ, పిల్లాడు గట్టిపడ్డాక తెస్తానని చెప్పుకుని రా. ఈలోగా మూడు నెలల లోపు ఒళ్లు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలితే ఇంట్లో మందు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి, అది రాత్రయినా సరే. వెంట్రుకలు తీయించే రోజు వచ్చినప్పుడు ఎండ ముదరకముందే పొద్దున పొండి. పెద్ద పాపకు ఆ రోజు కొత్త గౌను కుట్టించు, పూజ పళ్లెం ఆమె చేతికే ఇవ్వు.